నాలుగేళ్ళ జనరేటర్

ఎకనామిక్సు చదివిన ఆడపిల్లకు బడి పంతులమ్మ ఉద్యోగం తప్ప మరొకటి ఉంటుందని మా ఇంట్లో ఎవరూ నమ్మని ఆ రోజుల్లో, నాకొక ఉద్యోగం వచ్చింది. ప్రభుత్వ గణాంకాల శాఖలో. పర్మనెంటు కాదు, కాంట్రాక్టు. ఆఫీసులో కూర్చోడానికి కుర్చీ కూడా ఇవ్వలేదు. బదులుగా ఒక టాబ్లెటు, మెడలో వేసుకోవడానికి ఒక కార్డు ఇచ్చారు. ఆ కార్డు మీద ఫోటోలో నేను ఏదో నేరం చేసి దొరికిపోయినదానిలా ఉంటాను. అయినా దాన్ని చర్చికి కూడా వేసుకుని వెళ్ళేదాన్ని (పాస్టరుగారు చూసి "ఏందమ్మా, ఆస్పత్రిలో చేరినావా?" అని అడిగే దాకా). పని ఏమిటంటే, వాకాడు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఆ ఏడాది ఎవరెవరు ఏయే షెడ్లు కట్టారో, ఏయే యంత్రాలు కొన్నారో కళ్ళతో చూసి, ఫోటో తీసి, నెల్లూరు ఆఫీసుకు పంపడం. మా అవ్వ ఇల్లు వాకాడులోనే ఉంది కాబట్టి తిండికీ పడకకూ ఇబ్బంది లేదు. దేనికీ ఇబ్బంది లేని ఉద్యోగమనే అనుకున్నాను.

మాకు ట్రైనింగు ఇచ్చినాయన్ని అందరూ పర్సెంట్ సార్ అనేవారు. పలచని మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా, ప్రతి మాటకూ ఒక శాతం. "దేశమంతా కలిసి ఏడాదిలో తయారుచేసిన విలువ మొత్తం ఒక అన్నం కుండ అనుకోండి" అని మొదలుపెట్టేవారు. "అందులో చాలా భాగం తినేస్తాం. తినకుండా కొంత తీసి, రేపటి పంటకు పనికొచ్చే వస్తువుగా మారుస్తాం. బోరు, షెడ్డు, యంత్రం, రోడ్డు. ఆ భాగం కుండలో ఎంత? అదే స్థిర పెట్టుబడి శాతం. అది తగ్గితే రేపు పిల్లలకు అన్నం తగ్గినట్టే. కాబట్టి ఒక్క మోటారు రెండుసార్లు లెక్కలోకి వచ్చినా దేశానికి మనం అబద్ధం చెప్పినట్టే!" ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతు వణికేది.

ఆ పాఠం నేను ఇంటికొచ్చి మా అవ్వకు చెప్పాను. అవ్వ మూలనున్న గ్రైండరు చూపించి, "అయితే ఇది గూడా దేశం లెక్కలోదేనా?" అంది. కాదన్నాను. ఇంట్లో వాడుకునే గ్రైండరు ఖర్చు కిందికి వస్తుంది. అదే గ్రైండరు పక్కింటి ఇడ్లీల అక్క కొట్లో ఉంటే పెట్టుబడి అవుతుంది. "అదేంది? ఆమె పిండి రుబ్బితే దేశం బాగుపడతాది, నేను రుబ్బితే పడదా?" అని అవ్వ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మొదటి విచిత్రం ఆ తర్వాతి వారంలోనే జరిగింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో రొయ్యల గుంటల యజమాని ఒకాయనకు ముందురోజే ఫోన్ చేసి చెప్పి, మధ్యాహ్నం వెళ్ళాను. రొయ్యల గుంటల మధ్య మధ్యాహ్నం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. చెట్టు ఉండదు, నీడ ఉండదు, పక్షి కూడా ఉండదు (పక్షులు రొయ్యల్ని ఎత్తుకుపోకుండా పైన తాళ్ళు కడతారు, ఆ తాళ్ళు గాలికి సన్నగా ఈలలు వేస్తుంటాయి). ఎటు చూసినా తెల్లటి ఎండలో మెరిసే నీళ్ళు, వాటిని చిలుకుతూ గాలి కలిపే ఏరియేటర్లు. మనుషులు ఎక్కడో ఉంటారు, కనిపించరు. ఆ గట్టు మీద రేకుల షెడ్డు కింద, ఇటుకల మీద, ముదురాకుపచ్చ రంగు జనరేటరు ఒకటి ఉంది. "ఈ సంవత్సరమే కొన్నా" అన్నాడు యజమాని. ఫోటో తీస్తూ చూశాను. దాని పక్క రేకు మీద తెల్లరంగుతో ఒక అరచెయ్యి ముద్ర ఉంది. పెద్ద చెయ్యి. బొటనవేలు ఉంది, చూపుడువేలు ఉంది, నడిమివేలు ఉంది, చిటికెనవేలు ఉంది. ఉంగరం వేలు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఇదేంటండీ?" అని అడిగాను.

యజమాని నీళ్ళవైపు చూశాడు. గట్టు మీద మేత బస్తా మోస్తున్న పనివాడు మాత్రం ఆగి, "అది నాలుగేళ్ళోడిది గదా..." అని ఏదో చెప్పబోయాడు. యజమాని అతనివైపు ఒక చూపు చూశాడు. అతను బస్తా సర్దుకుని వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ కిందటిదాన్ని ఈ ఏడాదిదంటున్నాడా అని నాకు అనుమానం వచ్చింది కానీ, యజమాని అప్పటికే కొబ్బరి బోండాం కొట్టి చేతిలో పెట్టాడు. దేశానికి అబద్ధం చెప్పకూడదనుకుంటూనే బోండాం తాగాను.

రెండో ఊరు అక్కడికి చాలా దూరం. యజమాని వేరు, గుంటలు వేరు. గట్టు తిరిగి షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి. అదే ఆకుపచ్చ. అదే తెల్ల చెయ్యి. అదే ఖాళీ. రేకు మీద చెయ్యి వేసి చూశాను. వేడిగా ఉంది. "ఎప్పుడు నడిపారండీ?" అంటే, "కరెంటు బానే ఉండాది, నెలరోజులుగా ముట్టుకోలేదు" అన్నాడు ఆయన, నా మొహంలోకి చూడకుండా. చుట్టూ ఎవ్వరూ లేరు. తాళ్ళు ఈల వేస్తున్నాయి. ఆ చేతిముద్ర నా ఎత్తుకు సరిగ్గా, పలకరించడానికి ఎత్తినట్టుగా ఉంది.

ఆ సాయంత్రం అవ్వకు చెప్పాను. అవ్వ పాత అలక మరిచిపోయి, నన్ను మంచం మీద కూర్చోబెట్టి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. తర్వాత టాబ్లెటును కూడా తెమ్మని దాని మీద ప్రార్థన నూనె రాసింది. (వారం రోజుల పాటు ఆ తెర వేలికి పలకలేదు. "దయ్యాన్నే ఆపింది, నీ వేలిని ఆపదా?" అంది అవ్వ.) "మేయ్, ఆ గుంటల కాడికి పోవద్దు. ఆ ఉద్యోగం ల్యాకపోతే మనకు గడవదా?" అని కూడా అంది. నిజంగానే గడుస్తుంది. కానీ అది నా మొదటి ఉద్యోగం. ఒక యంత్రానికి భయపడి మానేశానని క్లాసుమేట్లకు ఎలా చెప్పేది?

మూడోది రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీ. ఊరికి దూరంగా, సరుగుడు తోటకు అవతల, సముద్రం ఒడ్డున. ఆఫీసు ఇచ్చిన జాబితాలో ఉంది కానీ వాళ్ళ ఫోన్ ఎన్నిసార్లు చేసినా పలకలేదు. సరే, చెప్పకుండానే వెళ్దామని ఆటో ఎక్కాను. దారిలో కల్వర్టు కొట్టుకుపోయి ఉంది. ఆటో అతను అక్కడే ఆపేసి, "ఈడి నుంచి నడిచి పోవాల్సిందే పాపా. బండ్లు పోక శానా కాలమైంది" అన్నాడు. నడిచాను. తోటలో ఒకామె ఎండు కొమ్మలు ఏరుతోంది.

"యాడికి పాపా?"

"హేచరీకి."

"ఆడెవరూ లేరే! మూసేసి ఎన్నాళ్ళో అయింది."

"లేరంటారేంటక్కా? జనరేటరు నడుస్తోంది కదా!" అన్నాను. ఎందుకంటే నాకు స్పష్టంగా వినిపిస్తోంది. లోతుగా, ఆగకుండా, నేలలోంచి వచ్చినట్టు ఒకే శ్రుతిలో గుర్రుమనే చప్పుడు.

ఆమె కొమ్మలు ఏరడం ఆపి, తల ఒక పక్కకు వంచి విన్నది. "యాడ?" అంది. తర్వాత నావైపు జాలిగా చూసి, "ఎండగా ఉండాది. రొవ్వంత నీళ్ళు తాగు" అంది.

వెనక్కి వెళ్ళిపోవాల్సింది. కానీ మెడలో కార్డు ఉంది. లోపలికి వెళ్ళాను. పెద్ద పెద్ద సిమెంటు తొట్లు, వాటినిండా గాలికి కొట్టుకొచ్చిన ఇసుక. గోడకు క్యాలెండరు మేకు, క్యాలెండరు లేదు. నేను లోపలికి నడిచేకొద్దీ ఆ చప్పుడు దగ్గరవుతోంది. చివరి గదిలో తలుపు లేదు. లోపల మసక వెలుతురులో ముదురాకుపచ్చ జనరేటరు. తెల్ల చెయ్యి. టాబ్లెటు ఎత్తి ఒక్క ఫోటో తీశాను. ఆ క్లిక్కుమన్న శబ్దానికి, నిజంగా చెబుతున్నాను, ఆ గుర్రు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఉందే, చప్పుడు కంటే అదే ఎక్కువ భయపెట్టింది. ఇసుకలో చెప్పులు దిగబడుతుంటే వాటిని అక్కడే వదిలేసి, కల్వర్టు దాకా వెనక్కి చూడకుండా పరుగెత్తాను. ఆటో అతను "కుక్కలా పాపా?" అన్నాడు. అవునన్నాను.

మర్నాడు పొద్దున్నే పర్సెంట్ సార్ నుంచి ఫోన్. "ఏమమ్మా, ఒకే జనరేటరు ఫోటోలు మూడు ఊళ్ళకూ పెట్టి పంపావా?" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, దుఃఖం ఉంది. నేను మూడు చోట్లకూ వెళ్ళానని, అది తనే నా వెంట తిరుగుతోందని చెప్పాను. "జనరేటరు నీ వెంట తిరుగుతోందా?" అన్నారు ఆయన చాలా మెల్లగా. లొకేషను చూడమన్నాను. "లొకేషను మార్చే యాప్‌లు ఉన్నాయని నాకు తెలియదనుకున్నావా? ఇంట్లో కూర్చుని దేశానికి మూడు జనరేటర్లు సృష్టించావు. రేపు నేనొస్తున్నాను. నాలుగో ఊరికి నువ్వూ నేనూ కలిసి వెళ్దాం. అక్కడ కూడా అదే కనిపిస్తే నువ్వు చెప్పింది నమ్ముతాను. లేకపోతే టాబ్లెటు ఇచ్చేసి ఇంటికెళ్ళిపో" అన్నారు. దయ్యం కనిపించకపోతే ఉద్యోగం పోతుంది, కనిపిస్తే ప్రాణం పోతుంది. ఆ రోజు అవ్వ పెట్టిన చేపల పులుసు కూడా నాకు సహించలేదు.

సార్ నాయుడుపేట మీదుగా మోటారు సైకిలు మీద వచ్చారు. వచ్చీ రాగానే అవ్వ ఆయనక్కూడా నూనె రాయబోయింది. "అమ్మా, నేను సైన్సును నమ్ముతాను" అన్నారాయన వెనక్కి తగ్గి. "నమ్ముకో నాయనా, అది గూడా ఉండనీ" అని అవ్వ రాసేసింది. నుదురు మెరుస్తుండగా ఇద్దరం బయల్దేరాం. ఆ రోజు ఎండకు పొగమంచులాంటి తెల్లదనం కమ్మి, సముద్రం ఎక్కడ మొదలై ఆకాశం ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు. నాలుగో యజమాని గట్టు మీదే ఎదురొచ్చి చాలా మర్యాదగా షెడ్డు చూపించాడు కానీ, తను మాత్రం అక్కడికి రాలేదు. "మీరు చూస్తా ఉండండి సార్, టీ చెప్పొస్తా" అని జారుకున్నాడు.

అది అక్కడే ఉంది.

సార్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. నా టాబ్లెటులో ఫోటో చూశారు, ఎదురుగా చూశారు. "ఒకే కంపెనీ వాళ్ళు ఒకే గుర్తు వేసి ఉంటారు. దీనికి తొంభై శాతం అవకాశం ఉంది" అన్నారు. తర్వాత ధైర్యం చూపించడానికి కాబోలు, ముందుకెళ్ళి తన చెయ్యి ఆ ముద్ర మీద ఆనించారు. "చూశావా? ఉత్త రంగు. ఏమీ..."

జనరేటరు వెనకనుంచి ఒక చెయ్యి పైకి లేచింది. నల్లగా, గ్రీజు పూసుకుని, మెల్లగా లేచి రేకు అంచును పట్టుకుంది. దానికి నాలుగే వేళ్ళున్నాయి.

నేను అరిచానని సార్ అంటారు. సారే అరిచారని నేను అంటాను. ఎవరు అరిచినా, ఆ తర్వాత జరిగినదాంట్లో మాత్రం తేడా లేదు. సైన్సును నమ్మే పర్సెంట్ సార్ గట్టు మీద పది అడుగులు పరుగెత్తి, మడత నలగని చొక్కాతో సహా రొయ్యల గుంటలో పడ్డారు. నడుము లోతు నీళ్ళలో లేచి నిలబడి "వందనాలు! వందనాలు!" అన్నారు. ఎవరికో ఇప్పటికీ తెలియదు (అది మా చర్చిలో పలకరింపు, ఆయన మా మతం కూడా కాదు). అవతలినుంచి యజమాని టీ గ్లాసులతో పరుగెత్తుకుంటూ, "సార్! నా రొయ్యలు! నా రొయ్యలు బెదిరిపోతాయి సార్! కదలబాకండి!" అని మొత్తుకున్నాడు.

జనరేటరు వెనకనుంచి లేచిన మనిషికి యాభై ఏళ్ళుంటాయి. మాకంటే తనే ఎక్కువ భయపడ్డాడు. "తప్పయిపోయింది సార్. దాంకోమన్నారు. కాలు తిమ్మిరెక్కి లేచినా" అన్నాడు. సార్‌ని బయటికి లాగిందీ ఆ నాలుగు వేళ్ళ చెయ్యే.

తువ్వాలు కప్పుకుని సార్ వణుకుతుంటే, టీలు తాగేలోపు సంగతంతా బయటికొచ్చింది. ఆ జనరేటరు ఆయనది. పాతది కొని, బాగుచేసి, కరెంటు పోయిన చోటల్లా అద్దెకు తిప్పుతాడు. ఆ తీరంలో అందరూ ఆయన్ని నాలుగేళ్ళోడు అంటారు (నాలుగు సంవత్సరాలు కాదు, నాలుగు వేళ్ళు. ఎకనామిక్సుకు బదులు తెలుగు చదివి ఉంటే మొదటిరోజే తెలిసేది). యంత్రాలున్న వాళ్ళకే ముందుముందు సబ్సిడీ వస్తుందని ఎవరో పుకారు పుట్టించారు. నేను ముందురోజు ఫోన్ చేసి "వస్తున్నాను" అని చెప్పగానే, యజమాని ఆయనకు ఫోన్ చేసేవాడు. ఆయన కొత్తగా కొన్న మినీ లారీలో దాన్ని ఎక్కించుకుని, గుంటల వెనక దారిన నా కంటే ముందే వచ్చి, చెయిన్ పుల్లీతో దించి ఇటుకల మీద పెట్టేవాడు. పనిచేస్తుందో లేదోనని ఒకసారి నడిపి చూసేవాడు. అందుకే వేడి. "దయ్యం ఏందమ్మా, దయ్యానికి డీజిలు పొయ్యాల్నా?" అని యజమాని నవ్వబోయి, సార్ మొహం చూసి ఆపేశాడు.

నాకు గుండెల మీదినుంచి ఒక బరువు దిగింది. "అయితే హేచరీలో కూడా మీరే దించారన్నమాట" అన్నాను.

"యాడ?"

"సరుగుడు తోట అవతల. సముద్రం ఒడ్డున."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "ఆడికి నేను పోలేదు పాపా. కల్వర్టు లేదు గదా, బండి యాడ పోతాది?"

టాబ్లెటు తీసి ఫోటో చూపించాను. ఆయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, టాబ్లెటును ఒళ్ళో పెట్టుకుని, తెర మీద ఆ చేతిముద్రను పెద్దది చేశాడు. సార్ వంగి చూశారు. నేనూ చూశాను. భయంతో పారిపోయిన నేను అంతవరకూ ఆ ఫోటోను సరిగా చూడనే లేదు. ఆ ముద్రకు అయిదు వేళ్ళున్నాయి.

ఆయన తన చేతిని తెర పక్కన పెట్టాడు. అదే వెడల్పు, అదే వంకర చిటికెనవేలు.

"ఇది గూడా నా చెయ్యే" అన్నాడు. "అప్పటి చెయ్యి. ఆ హేచరీలో నేనే ఆపరేటర్ని. రంగు కొట్టినంక గురుతుగా చెయ్యి అద్దినా. ఆ మిషను బెల్టులోనే వేలు పొయ్యింది. తర్వాత కొన్నాళ్ళకు ఓనరు మూసేసినాడు. నా సొంతం మిషను కొనుక్కున్నాక దీనిక్కూడా అదే రంగు కొట్టి అట్లానే అద్దినా."

"అది ఇప్పటికీ నడుస్తోంది" అన్నాను. "నేను విన్నాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "దాంట్లో ఇంజనే లేదు పాపా. మూసేసినప్పుడే పీకి అమ్మేసినారు. పైన రేకు డొక్కు మాత్రం ఉండాది."

సరుగుడు తోటలో గాలి హోరు అలాగే వినిపిస్తుందని సార్ అన్నారు. పళ్ళు టకటకలాడుతుంటే ఎంత శాతం అవకాశమో మాత్రం చెప్పలేదు. నాలుగేళ్ళాయన ఆ మాట కొట్టెయ్యలేదు. తన చేతిలోని ఖాళీని బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నాడు. "ఏమో సార్. నాక్కూడా ఒక్కోరోజు ఈ వేలు నొప్పి పెడతాది. ఉంగరం బిగిసినట్టు. ల్యాని వేలు ఎట్లా నొప్పి పెడతాదని డాక్టర్ని అడిగితే, పెడతాది అన్నాడు" అని లేచి, జనరేటరు తాళ్ళు విప్పడానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను గాలి సంగతి గురించి ఎవరితోనూ వాదించలేదు.

సార్ అక్కడే, తడిబట్టలతోనే లెక్క సరిచేశారు. హేచరీది ఏనాటిదో, పైగా ఇంజను లేదు. ఈ ఏడాది పెట్టుబడిలోకి రాదు. నాలుగేళ్ళాయన జనరేటరు పాతది కొన్నది. ఒకరు అమ్మితే ఇంకొకరు కొన్నారు కాబట్టి, దేశానికి కొత్తగా చేరింది ఏమీ లేదు. యజమానుల దగ్గర అసలు ఏమీ లేదు. నా ఉద్యోగాన్ని మింగబోయి, మా అవ్వ నిద్రనూ, సార్ చొక్కానూ మింగేసిన వ్యవహారం మొత్తానికి సున్నా వచ్చింది. అప్పుడు సార్ తల ఎత్తి గట్టు చివర చూసి, "ఆ మినీ లారీ ఎప్పుడు కొన్నావు?" అని అడిగారు. నాలుగేళ్ళాయన భయపడుతూ, "ఈ సంవత్సరమే సార్, షోరూములో, కొత్తదే" అన్నాడు. సార్ మొహం వెలిగిపోయింది. "రాయమ్మా!" అన్నారు నాతో. "స్థిర పెట్టుబడి. ఒకటి." ఊరూరా పరుగులు పెట్టే ఆ బండి స్థిరం ఎలా అవుతుందని నాలుగేళ్ళాయన నన్ను రహస్యంగా అడిగాడు. ఏడాదికి మించి పని చేసి సంపాదించి పెట్టేదైతే చాలునని చెప్పాను. ఆయనకు చాలా సంతోషం వేసింది. ఆయన తన బండి పక్కన నిలబడితే ఫోటో తీశాను. వద్దన్నా జుట్టు దువ్వుకుని నిలబడ్డాడు.

నా కాంట్రాక్టు నిలిచింది. గుంటలో పడిన సంగతి ఆఫీసులో చెప్పనని సార్ నా చేత మాట తీసుకున్నారు. చెప్పలేదు (మీరు ఆఫీసువాళ్ళు కాదు కదా). సారు రిటైరైపోయారు, క్రిస్మస్‌కు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. నేను ఆ ఉద్యోగంలోనే మెల్లగా పైకొచ్చి, కుర్చీ సంపాదించుకుని, ఫ్యాను కింద కూర్చుని, కొత్త పిల్లలు పంపే ఫోటోలు చూసే స్థితికి చేరాను. నాకు ఎండ తగలడమే తక్కువైంది.

ఏడాదికోసారి టీవీలో ఆ వార్త వస్తుంది. దేశ స్థిర పెట్టుబడి మొత్తం ఆర్థిక వ్యవస్థలో ఇంత శాతం అని ఒకమ్మాయి గుక్క తిప్పుకోకుండా చదివేసి వాతావరణంలోకి వెళ్ళిపోతుంది. ఆలోపే మా ఆయన రిమోటు అందుకుంటారు. "ఒక్క నిమిషం ఉండండి" అంటాను. "ఆ అంకెలో నీకేం కనిపిస్తుందే?" అని ఆయన విసుక్కుంటారు. ఏం చెప్పను? తెల్లటి ఎండలో, ఎవరూ లేని ఒడ్డున, ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతి ఇసుకలో పడుతూ లేస్తూ పరుగెత్తడం కనిపిస్తుంది. జడ ఊడిపోయింది, నోటినిండా ప్రార్థన, అది కూడా సగమే గుర్తుంది. ప్రాణం మీదికి వచ్చినా టాబ్లెటు మాత్రం వదల్లేదు, రెండు చేతులా గుండెకు హత్తుకునే ఉంది. వెర్రిమొహమా, అది ప్రభుత్వానిది, పారేసి పరుగెత్తవే అనబోతాను. అప్పటికి ఆ పిల్ల మలుపు తిరిగిపోతుంది.